‘చూడలేదు’ అనే గడి

మూడేళ్ల కిందట మా అక్క కూతురు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఒక పాత ఇల్లు కొనాలనుకుని, బేరం ఖాయం కాకముందు చేయించిన తనిఖీ నివేదికను నాకు పంపింది. “పిన్నీ, నువ్వు చేసే పనే కదా ఇది, ఒకసారి చదివి ఎలా ఉందో చెప్పు” అని అడిగింది. నేను పదిహేడేళ్లు సివిల్ ఇంజనీరుగా నిర్మాణ స్థలాల్లో పనిచేసి, తరువాత ఈ పనిలోకి వచ్చాను. హైదరాబాద్‌లో ఫ్లాటు కొన్నవాళ్లు బిల్డరు నుంచి తాళాలు తీసుకునే ముందు వాళ్ల తరఫున వెళ్లి ఇల్లంతా పరీక్షించి నివేదిక రాసి ఇస్తాను. ఆ రాత్రి ఆమె పంపిన నివేదికను మొదటి పుట నుంచి చివరి దాకా రెండుసార్లు చదివాను. ఇంటి సంగతి ఆమెకు చెప్పడానికి అరగంట చాలింది. ఆ నివేదిక నా పని గురించి నాకు చెప్పిన సంగతిని జీర్ణించుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

టెక్సస్‌లో ఇళ్లు తనిఖీ చేసేవాళ్లకు లైసెన్సు ఇచ్చేది ఆ రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషన్. లైసెన్సు ఇవ్వడంతో దాని పని అయిపోలేదు. నివేదిక ఏ రూపంలో ఉండాలో కూడా అదే నిర్ణయించింది. ఆర్‌ఈఐ 7-6 అనే నమూనా పత్రంలో నిర్మాణం, విద్యుత్తు, శీతల తాపన వ్యవస్థలు, ప్లంబింగు, ఇంటితో పాటు వచ్చే ఉపకరణాలు, ఇవి కాక కోరుకుంటే చూసే ఈతకొలను, బావి వంటివి కలిపి ఆరు భాగాలుంటాయి. ప్రతి అంశం పక్కనా నాలుగు గడులుంటాయి: పరిశీలించాను, పరిశీలించలేదు, ఈ ఇంట్లో అది లేదు, లోపం ఉంది. తనిఖీదారు వీటిలో గుర్తు పెట్టకుండా ముందుకు పోవడానికి వీల్లేదు. పైకప్పు దగ్గరికి వస్తే దేనితో కప్పారో రాయడంతో పాటు ఎక్కడి నుంచి చూశారో రాయడానికి ప్రత్యేకంగా ఒక వరుస ఉంటుంది. మా అమ్మాయి ఇంటి నివేదికలో ఆ వరుసలో, ముందురోజు వాన వల్ల కప్పు తడిగా ఉన్నందున పైకి ఎక్కలేదనీ, నిచ్చెన మీద నిలబడి అంచుల నుంచి మాత్రమే చూశాననీ ఆ తనిఖీదారు రాశాడు. అటకలో ఒక మూలకు మనిషి దూరే చోటు లేనందున అక్కడి ఇన్సులేషన్ చూడలేదని ఇంకొక చోట రాశాడు. చివరి పుట దాకా ఇలాంటివి తొమ్మిది లెక్కపెట్టాను.

ఆ తొమ్మిది చోట్లూ చదువుతుంటే నాకు గుర్తొచ్చింది ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నిజాంపేటలో ఒక రిటైరైన ఉపాధ్యాయ దంపతులకు నేను రాసిచ్చిన నివేదిక. అది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు ఫ్లాటు. స్నానాల గదుల టైల్సు తట్టి చూశాను, నేల వాలు చూశాను, నీళ్లు నిలబెట్టి ట్రాపులోకి ఎంతసేపట్లో పోతున్నాయో గడియారం పెట్టి చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి, అదే రాశాను. కానీ ఆ గదుల మీద, పై ఫ్లాటు స్నానాల గది పైపుల కోసం కిందికి దించి వేసిన సన్‌కెన్ స్లాబు కింద, బిల్డరు అప్పటికే ఫాల్స్ సీలింగు కొట్టేశాడు. పై ఫ్లాటుకు తాళం వేసి ఉంది. పైన నీళ్లు నిలబెట్టి కింద చూసే అవకాశం నాకు రాలేదు. ఆ సంగతి నివేదికలో ఎక్కడా లేదు. రాయాలని నాకు తోచనే లేదు. మొదటి వానాకాలం గడిచి పై ఫ్లాటులోకి మనుషులు వచ్చాక, రెండు నెలల్లోనే ఆ సీలింగు మీద పసుపు మరకలు తేలాయి. మాస్టారు ఫోన్ చేసి, కోపం లేకుండానే, “అమ్మా, స్నానాల గదులు బాగున్నాయని మీరు రాశారు కదా, దాన్ని నమ్మి మేము సంతకం పెట్టాము” అన్నారు. నేను అబద్ధం రాయలేదు. కానీ చూసినవన్నీ రాసి, చూడనిదాని గురించి మౌనంగా ఉన్న నివేదికను చదివినవాళ్లు, చూడనిది కూడా చూసినట్టే లెక్క వేసుకుంటారు. ఆయన వేసుకున్న లెక్కలో తప్పు లేదు.

అమెరికాలో ఈ వృత్తికి దేశమంతటికీ కలిపి ఒకే చట్టం లేదు; ఏ రాష్ట్రం పద్ధతి దానిదే. న్యూజెర్సీలో లైసెన్సు కావాలంటే 180 గంటల శిక్షణ పొందాలి, అందులో 40 గంటలు లైసెన్సు ఉన్న తనిఖీదారు వెంట నిజమైన ఇళ్లకు వెళ్లి నేర్చుకోవాలి. న్యూయార్క్‌లో మొత్తం 140 గంటలు, అందులోనూ క్షేత్ర శిక్షణ 40 గంటలే. వాషింగ్టన్ రాష్ట్రం తరగతి గదిలో 120 గంటలు, బయట 40 గంటలు అడుగుతుంది. చాలా రాష్ట్రాలు ఒక జాతీయ స్థాయి పరీక్షను అంగీకరిస్తాయి. కొన్ని రాష్ట్రాలు వృత్తిపరమైన పొరపాట్లకు బీమా ఉండి తీరాలంటాయి. న్యూజెర్సీలో ఒక్కో ఘటనకు 5 లక్షల డాలర్లు, టెక్సస్‌లో లక్ష డాలర్లు కనీస మొత్తం. ఈ అంకెలన్నిటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది ఆ 40 గంటలు. చెమ్మ పట్టిన గోడ మీద అరచేయి ఆన్చి చల్లదనం తెలుసుకోవడం, డొల్లగా మోగే టైలుకూ గట్టిగా మోగే టైలుకూ తేడా పట్టడం పుస్తకంలో నేర్చుకునే విద్యలు కావు. మన దగ్గర మంచి మేస్త్రీ కూడా ఇంకొక మేస్త్రీ పక్కన నిలబడే ఆ చెయ్యి సంపాదిస్తాడు.

లైసెన్సే సర్వస్వం అనుకోవడానికి వీల్లేదని కాలిఫోర్నియా చెబుతుంది. అంత పెద్ద రాష్ట్రంలో హోమ్ ఇన్‌స్పెక్టర్లకు లైసెన్సు పద్ధతే లేదు. కానీ అక్కడి వ్యాపార వృత్తుల చట్టంలో ఈ పని గురించి కొన్ని సెక్షన్లున్నాయి, అవి చిన్నవే అయినా పదునైనవి. వివేకం గల తనిఖీదారు ఎంత జాగ్రత్త చూపుతాడో అంత జాగ్రత్త చూపడం అతని బాధ్యత అని ఒకటి అంటుంది. తను తనిఖీ చేసిన ఇంటికి పన్నెండు నెలల లోపు డబ్బు తీసుకుని మరమ్మతులు చేయడం అనుచితమని ఇంకొకటి అంటుంది. తప్పు జరిగితే తనిఖీ రుసుము తిరిగి ఇవ్వడం వరకే నా బాధ్యత అని ఒప్పందంలో రాసుకున్నా అది చెల్లదని మూడోది అంటుంది. ఈ మూడోది చదివినప్పుడు నా ఒప్పంద పత్రం తీసి చూసుకున్నాను; సరిగ్గా ఆ వాక్యమే అందులో ఉంది, తెలిసినవాళ్ల పత్రం చూసి నేను దించుకున్నది. ఆ వారంలోనే దాన్ని తీసేశాను.

పన్నెండు నెలల నియమం మన ఊరికి ఎంత అవసరమో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. కొండాపూర్ నుంచి కొల్లూరు దాకా కొత్త టవర్ల గేట్ల దగ్గర ఉచితంగా ఫ్లాటు తనిఖీ చేస్తామనే కాగితాలు పంచుతారు. చేసేది ఇంటీరియర్ పనులవాళ్లో, వాటర్‌ప్రూఫింగ్ వాళ్లో. వాళ్లలో నిజాయితీపరులు లేరని నేను అనడం లేదు. కానీ లోపం కనబడితేనే పని దొరికే మనిషి, ఆ లోపాన్ని ఎంత పెద్దదిగా చూస్తాడన్నది అతని నిజాయితీ ఒక్కదాని మీదే ఆధారపడి ఉండడం సరికాదు. దీనికి ఎదురువైపు ఇంకొకటి ఉంది: ఫ్లాటు అమ్మిపెట్టే ఏజెంటే తనిఖీ మనిషిని తెస్తే, ఆ మనిషికి వచ్చే నెల పని ఎవరి దయ మీద ఉంటుందో చెప్పనక్కరలేదు. మసాచుసెట్స్ రాష్ట్రం ఈ సంగతి ముందే గ్రహించి, ఫలానా తనిఖీదారును పెట్టుకోండని అమ్మకందారు తరఫు బ్రోకరు నేరుగా చెప్పకూడదనీ, అడిగితే లైసెన్సు ఉన్నవారందరి జాబితా ఇవ్వాలనీ చట్టంలో పెట్టింది.

ఇక నివేదికలోని ఒక్కొక్క వాక్యం సంగతి. 1976లో ఏర్పడిన అమెరికన్ సొసైటీ ఆఫ్ హోమ్ ఇన్‌స్పెక్టర్స్ రాసుకున్న ప్రమాణాలు చాలా రాష్ట్రాల నియమాలకు పునాది అయ్యాయి. లోపం కనబడితే అది ఎందుకు లోపమో కంటికి కనిపించేంత తేటగా లేకపోతే వివరించాలనీ, తరువాత ఏం చేయాలో సూచించాలనీ, చూడవలసి ఉండీ చూడలేకపోయిన వాటిని కారణంతో సహా రాయాలనీ అవి చెబుతాయి. మన దగ్గర చేతికొచ్చే నివేదికలు దీనికి తలకిందులుగా ఉంటాయి. రెండు వందల ఫోటోలుంటాయి, ఒక్కొక్క ఫోటో మీద ఎర్ర గుండ్రం ఉంటుంది, కింద ‘గోడకు పగులు’ అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ పగులు పలచని బ్లాకు గోడ ఆర్‌సీసీ స్తంభాన్ని కలిసే చోట నిలువుగా వచ్చిందా, తలుపు మూల నుంచి ఏటవాలుగా పాకిందా, బీము కాంక్రీటు అడుగు ముఖం మీదే అడ్డంగా ఉందా అన్న దాన్ని బట్టి దాని అర్థం మారిపోతుంది. మొదటిది కలిసే చోట జాలీ సరిగా వేయకుండా ప్లాస్టరింగు చేసినప్పుడు వచ్చే మామూలు పగులు. పైపై గీరి జాలీ పెట్టి మళ్లీ పూస్తే పోతుంది. మూడోదైతే బిల్డరు మనిషి పుట్టీ పూయకముందే స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి తీరాలి. రెండింటికీ ఒకే ఎర్ర గుండ్రం, ఒకే మాట రాస్తే చదివిన తండ్రి మొదటిదానికి నిద్ర మానుకుంటాడు, మూడోదానికి పుట్టీతో సరిపెట్టుకుంటాడు. నా కళ్లముందు రెండూ జరిగాయి.

టెక్సస్ పత్రం ముందుమాటలో నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ఇల్లు కట్టిన నాటికి నియమం లేకపోయినా, ఈనాటి దృష్టిలో ప్రమాదకరమైన దాన్ని తనిఖీదారు లోపంగానే గుర్తించాలి. అంతమాత్రాన అమ్మేవాడు దాన్ని సరిచేసి తీరాలని కాదు. కొనేవాడికి తెలియాలి, అంతే. స్నానాల గదిలో, వంటింట్లో లీకేజీ కరెంటు అయిదారు మిల్లీ ఆంపియర్లు దాటగానే ఆగిపోయే ప్లగ్గు లేకపోతే అది పాత ఇల్లయినా లోపమే. మన పాత అపార్ట్‌మెంట్లలో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకవగానే సరఫరా తెంచే స్విచ్చు, లేని ఫ్లాట్లు ఎన్నో చూస్తాను. అడిగితే అమ్మేవాళ్లు “అప్పట్లో పెట్టేవాళ్లు కాదమ్మా” అంటారు, అది నిజమే కూడా. కానీ గీజరు మీద తడి చెయ్యి పెట్టిన పిల్లవాడికి 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర తెగిపోయే ఆ చిన్న పెట్టె ఉందా లేదా అన్నదే ముఖ్యం, అప్పట్లో ఏం చేసేవారన్నది కాదు.

హైదరాబాద్‌లో ఇల్లు కొనేటప్పుడు మనం ఎవరెవరికి డబ్బు ఇచ్చి చూపిస్తామో ఒకసారి తలచుకోండి. లాయరుకు లింకు డాక్యుమెంట్లు చూపించి లీగల్ ఒపీనియన్ తీసుకుంటాము. రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ తీయిస్తాము. బ్యాంకు తన ప్యానెల్‌లోని వాల్యూయర్‌ను పంపుతుంది. అతను వచ్చేది ఇల్లు అప్పుకు సరిపడా విలువ చేస్తుందో లేదో చూడడానికి, మీ వంటింటి గట్టు కింద పైపు కారుతుందో లేదో చూడడానికి కాదు. ఇళ్ల ప్రాజెక్టులను నియంత్రించే రెరా చట్టం 2016లో వచ్చింది, మన రాష్ట్రం దాని కింద 2017లో నియమాలు చేసుకుంది. ఆ చట్టం ప్రకారం ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి, ఆ ప్రాజెక్టులో ఫ్లాటు అమ్మిపెట్టే ఏజెంటుకు కూడా ఉండాలి. ఆ ఫ్లాటులోకి వెళ్లి గోడలు తట్టి, బోర్డులు విప్పి, ఇది తీసుకోవచ్చు, ఇది ఆపండి అని చెప్పే మనిషికి మాత్రం ఏ సంఖ్యా అక్కర్లేదు. నాకూ లేదు. రేపు ఒక కుర్రవాడు తేమ కొలిచే మీటరూ సాకెట్ టెస్టరూ కొనుక్కుని, చదరపు అడుగుకు ఇంత అని కార్డు అచ్చు వేయించుకుంటే, అతనికీ నాకూ చట్టం ముందు తేడా లేదు.

ఇది కేవలం వృత్తి గౌరవం గురించిన బాధ కాదు. అదే రెరా చట్టంలోని 14వ సెక్షను, స్వాధీనం చేసిన నాటి నుంచి అయిదేళ్ల లోపు నిర్మాణంలో గాని పనితనంలో గాని నాణ్యతలో గాని లోపం ఉందని కొన్నవారు తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలని చెబుతుంది. చేయకపోతే పరిహారం కోరవచ్చు. ఎంత మంచి నియమమో! కానీ తెలియజేయడానికి చేతిలో ఏముంటుంది? వాట్సాప్ ఫోటోలు, సైటు ఇంజనీరుకు పెట్టిన మెసేజీలు, “వచ్చే వారం మనిషిని పంపుతాము” అన్న జవాబులు. స్వాధీనం నాడు ఇల్లు ఏ స్థితిలో ఉంది, ఏది చూశారు, ఏది చూడడానికి వీలు కాలేదు అని తేదీతో, సంతకంతో, ఒకే నమూనాలో, జవాబుదారీ ఉన్న మనిషి రాసిన కాగితం ఒకటి ఉంటే, మూడేళ్ల తరువాత మరక బయటపడిన నాడు అది నివసించేవాళ్ల వాడుక వల్ల వచ్చిందా, కట్టడంలోనే ఉందా అన్న వాదన అంత దూరం సాగదు. మాస్టారి ఇంటి విషయంలో బిల్డరు మనుషులు చూపించింది నా నివేదికనే. “మీ ఇంజనీరమ్మే బాగుందని రాసింది” అన్నారు. నేను చూడలేదని రాసి ఉంటే ఆ మాట అనడానికి వాళ్లకు చోటుండేది కాదు.

అందుకే ఎవరైనా అడిగితే, తెలంగాణలో ముందు రావలసింది లైసెన్సు కాదు, నివేదిక నమూనా అంటాను. రెరా అథారిటీయే ఒక పత్రం తయారుచేసి, స్వాధీనానికి ముందు తనిఖీ చేసేవారెవరైనా దానిలోనే రాయాలనీ, తనిఖీ మనిషిని తెచ్చుకునే హక్కు కొన్నవారికి ఉందనీ, గేటు దగ్గర ఆపకూడదనీ ఆదేశిస్తే సగం పని అవుతుంది. లైసెన్సు ఆ తరువాత రావచ్చు, రావాలి కూడా. నమూనా లేని లైసెన్సు గోడకు తగిలించుకునే పటంగా మిగిలిపోతుందని నా భయం. నమూనా ముందుంటే, దాన్ని నింపడానికి ఎంత తెలిసి ఉండాలో దానంతట అదే తేలుతుంది. అప్పుడు పరీక్ష పెడితే, ఈ వయసులో కూడా నేను వెళ్లి రాస్తాను. ఆ 40 గంటలు కుర్రవాళ్లను వెంట తిప్పుకోవడానికి కూడా సిద్ధమే.

తనిఖీ కాలం గురించి ఒక మాట ఇక్కడ చెప్పాలి, నమూనా ఎవరు రాసినా దీన్ని మరచిపోకూడదు. మనవాళ్లు గృహప్రవేశం ముహూర్తం పెట్టించుకున్నాక నన్ను పిలుస్తారు. శ్రావణంలో ముహూర్తం ఉంటే, దానికి వారం ముందు. అప్పటికి పురోహితుడు, వంటవాళ్లు, బంధువుల టిక్కెట్లు అన్నీ ఖాయమై ఉంటాయి. నేను ఏ లోపం రాసినా ఇంట్లో పెద్దవాళ్లు అపశకునంగా చూస్తారు, బిల్డరు ఆ తొందరను చూసి సంతకం తీసుకుంటాడు. నిజానికి తనిఖీకి ఆషాఢాన్ని మించిన నెల లేదు. ముహూర్తాలు లేవు కాబట్టి తొందర ఉండదు, వానలు మొదలై ఉంటాయి కాబట్టి కిటికీ ఫ్రేముల చుట్టూ సీలెంటు ఎక్కడ తప్పిందో, బాల్కనీ నీళ్లు హాల్లోకి ఎటు తిరుగుతాయో, పశ్చిమం గోడ ఎక్కడ తాగుతుందో ఇల్లే చూపిస్తుంది. ఏప్రిల్‌లో ఎండిన గోడ మీద మీటరు పెట్టి నేను రాసేది, జూలైలో ఆ గోడ తానే చెప్పే దాని ముందు ఎందుకూ చాలదు. అందుకే ఎండాకాలంలో చేసిన ప్రతి నివేదికలోనూ, వాన నీటి విషయం ఈ తనిఖీలో తేలలేదని ఇప్పుడు విడిగా రాస్తున్నాను.

టెక్సస్ గడులను తెలుగులోకి తెచ్చుకుని వాడడం మొదలుపెట్టి రెండున్నరేళ్లయింది: చూశాను, చూడలేదు, లేదు, లోపం ఉంది. ఇంగ్లీషు నివేదికతో పాటు తెలుగులోనూ ఇస్తాను, ఎందుకంటే కొన్న కొడుకు ఏ డల్లాస్‌లోనో ఉంటాడు, తాళాలు తీసుకుని సంతకం పెట్టేది ఖమ్మం నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన తండ్రి. మొదట్లో ‘చూడలేదు’ అన్న గడి చూసి, డబ్బు తీసుకుని చూడకపోవడమేమిటని ఒకరిద్దరు నొచ్చుకున్నారు. పక్కన కారణం చదివాక ఊరుకున్నారు.

పోయిన ఆదివారం తెల్లాపూర్‌లో అలాంటి తండ్రి ఒకాయన నివేదిక అక్కడే కూర్చుని చదివారు. పద్నాలుగో అంతస్తు. విద్యుత్తు భాగంలో ఒకచోట నేను చూడలేదని గుర్తు పెట్టి, ఆ అంతస్తు ఎలక్ట్రికల్ షాఫ్టుకు తాళం ఉందనీ, తాళం చెవి తమ దగ్గర లేదని సైటు సిబ్బంది చెప్పారనీ రాశాను. ఆయన ఆ వరుస మీద వేలు పెట్టి, “ఇది చూడకుండా నేను సంతకం పెట్టవచ్చా అమ్మా?” అని అడిగారు. పెట్టడం పెట్టకపోవడం మీ ఇష్టం, కానీ అక్కడి నుంచే మీ ఇంటికి కరెంటూ ఎర్తింగూ వస్తాయని చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని లిఫ్టు ఎదురుగా కూర్చుని, చెవి వచ్చేదాకా ఇక్కడే ఉంటానని సైటు ఇంజనీరుకు ఫోన్ చేశారు. గంటన్నరకు చెవి వచ్చింది. తలుపు తీస్తే, ఆ అంతస్తు ఎర్తింగ్ పట్టీ నిలువు పట్టీకి ఆనుకుని ఉంది గాని, రెంటినీ కలపవలసిన బోల్టులు లేవు. రంధ్రాలు మాత్రం ఉన్నాయి. వాళ్ల ఎలక్ట్రీషియన్ వచ్చి మా ఎదుటే బిగించాడు. నేను పాత గుర్తును కొట్టేయకుండా, పక్కన సమయం వేసి, ‘తాళం తీశాక చూశాను, లోపం ఉంది, సరిచేశారు’ అని రాసి మళ్లీ సంతకం పెట్టాను. ఆయన ఆ పుటను ఫోటో తీసి కొడుక్కి పంపి, తరువాతి పుట తిప్పి, ‘చూడలేదు’ అని ఇంకెక్కడైనా ఉందేమోనని వెతకడం మొదలుపెట్టారు.